గొర్రె దగ్గిందట!

నేను ఏఎన్ఎంని. ఉదయగిరి పక్క పల్లెలో ఈ రోజు ఫ్లూ జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరిగాను. ప్రతి గడపలోనూ ఒకటే మాట, జ్వరం లేదని. చివరి ఇంట్లో అవ్వ కూడా అదే చెబుతుండగా లోపల ఎవరో గట్టిగా దగ్గారు.

"ఎవరవ్వా అది?"

"గొర్రె దగ్గతా ఉండాది లేమ్మా. నువ్వు పో."

లోపలికెళ్లి చూస్తే మనవరాలు దుప్పట్లో వణుకుతోంది. మూడు రోజుల నుంచీ జ్వరమట! ఎందుకు దాచావని గట్టిగా అడిగాను.

"చెప్తే పేరు రాసుకోని ముక్కులో పుల్ల పెడతారు. ఇంక మా గడప ఎవురు తొక్కతారు?"

పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రానికి కాస్త తేరుకుంది. నా కోపమే తగ్గలేదు. ఊరంతటికీ ఒక్క కేసని రిపోర్టు రాశాను, నాకే నమ్మకం లేకుండా.

మీరైతే నాకు నిజం చెబుతారా?