తాత ఇచ్చిన కోడి

మా ఊళ్లో ఎవరు పోయినా గొయ్యి తవ్వేది మేమే, చర్చి కుర్రాళ్లం. జీతం లేదు, గీతం లేదు. మమ్మల్ని 'మనవళ్లు' అంటారు. మనవళ్లం కాబట్టి చావింట్లో కూడా అల్లరి చేసే హక్కు మాకుంది. కోడి ఇస్తేగానీ గొయ్యి పూర్తి చెయ్యమని, కాదంటే శవాన్ని నెత్తిన పెట్టుకుని తిరగమని ఏడ్చేవాళ్లతో చెబుతాం. వాళ్లు తిడతారు. తిడుతూ తిడుతూ కాసేపు ఏడుపు మర్చిపోతారు. కోడి కూడా వస్తుంది.

ఈ విద్యలో మాకు గురువు కఫోటేకా తాత. నేను పుట్టకముందు నుంచీ తవ్వుతున్నాడు. పాస్టరుగారి అత్త పోయినప్పుడు ఆవిడ గోతిలో తనే వెల్లకిలా పడుకుని, ఇక్కడ హాయిగా ఉంది, ముసలమ్మకి ఇంకోచోట చూసుకోండి అన్నాడు. పాస్టరుగారు రెండు కోళ్లిచ్చి లేపాల్సొచ్చింది.

ఈసారి వానలతో పాటు కలరా వచ్చింది. రోజూ తవ్వకమే. మా జోకులు కూడా అయిపోయి పాతవే తిప్పితిప్పి వేసుకున్నాం. తాత భార్య ఎలినాతి మాకు మొక్కజొన్న గంజి తెచ్చిపెట్టి, గొయ్యి ఒడ్డున నిలబడి మా పనికి వంకలు పెట్టేది.

"నాది మాత్రం నువ్వే తవ్వాలి. ఈ వెధవలు తవ్వితే వంకరగా పడుకోవాల్సొస్తుంది" అంది ఒకరోజు.

"సరేలేవే, మాటిస్తున్నా" అన్నాడు తాత. మేమంతా నవ్వాం.

వారం తిరక్కుండా ఎలినాతి పోయింది.

సొంతమనిషి గొయ్యి తవ్వకూడదు మాలో. తవ్వితే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారంటారు. బైబిల్లో ఎక్కడుందో నాకు తెలీదుగానీ, చర్చి పెద్ద చికోతి బైబిల్ కన్నా దీన్నే గట్టిగా నమ్ముతాడు. తాతని తీసుకెళ్లి ఏడ్చేవాళ్ల మధ్య కూర్చోబెట్టాడు.

మేం నడుంలోతు తవ్వేసరికి తాత లేచి వచ్చేశాడు. రెండు పోట్లు వేయనివ్వరా జైలోసీ అని నన్ను మెల్లగా అడిగాడు. చికోతి అడ్డం నిలబడ్డాడు. తాత ఆయన్ని తోసేసేవాడే. కానీ వెనకే తాత కూతురు లోనెసి వచ్చింది. నిండు నెలల మనిషి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తాత ఆ చేతిని చూసి ఆగిపోయాడు.

నాకేం తోచక, నాకొచ్చిన ఒక్క పనే చేశాను.

"కోడేది తాతా? కోడి లేకపోతే నీ పెళ్లాన్ని వంకరగానే పడుకోబెడతాం."

మామూలుగా అయితే దీనికి మా ఏడు తరాలనీ ఏకి పెట్టాలి. ఆ తిట్ల కోసం అందరం పనాపి చూశాం. తాత ఇంటికెళ్లి వచ్చి, తన పార నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"కోళ్లన్నీ మందులకే అమ్మేశా. ఇది తీస్కో. తిన్నగా తవ్వు."

తిన్నగానే తవ్వాం.

లోనెసికి ఆడపిల్ల పుట్టింది, బాగానే ఉంది. తాత ఇప్పటికీ ప్రతి చావుకీ వస్తాడు. మాతో కలవడు. ఏడ్చేవాళ్లలో కూర్చుంటాడు, ఏడవడు కూడా.

మొన్న చికోతి వాళ్లన్న పోయాడు. తాత ఇచ్చిన పార పక్కన పెట్టి, నేనే గోతిలో వెల్లకిలా పడుకున్నాను. ఇక్కడ హాయిగా ఉంది, లేవనన్నాను. జనం నవ్వారు. తల పైకెత్తి తాత వైపు చూశాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఎవరూ కోడి తేకముందే లేచాను.