నాన్నకు రోజూ అడ్డమొచ్చిన మా గిర్ని

నిన్న పొద్దున స్కూల్‌కు రెడీ అవుతుంటే తాండూరు నుంచి తమ్ముడి ఫోన్.

"అక్కా, గిర్ని లేస్తలేదు. జర వస్తవా?"

సరిగ్గా చూశావా, సరిగ్గా చూశావా అని అడుగుతూనే ఉన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నాడని అర్థమైంది.

లీవ్ మెసేజ్ పెట్టి వికారాబాద్ స్టేషన్‌కు పరిగెత్తాను. రైల్లో కూర్చున్నాక కూడా నమ్మబుద్ధి కాలేదు. కొన్నాళ్లుగా సరిగ్గా తినడం లేదని తెలుసు. కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టర్ చెప్పాడనీ తెలుసు.

అయినా గిర్ని కదా, లేస్తుందిలే అనుకున్నాం.

గిర్ని మా పుట్టింటి పిల్లి. పప్పు పట్టే గిర్ని నుంచి మా షాపుకు వచ్చిన బస్తాల సందులో, గుప్పెడంత కూనగా దొరికింది. అందుకే తమ్ముడు ఆ పేరు పెట్టాడు. అమ్మ జొన్న రొట్టె కొడుతుంటే పక్కనే కూర్చుని అది కూడా పిండి మీద పంజాతో టపటపా కొట్టేది. మూతి నిండా పిండి. అమ్మ తిడుతూనే తుడిచేది.

దాని గురించి చెప్పాలంటే నాన్న గురించి చెప్పక తప్పదు.

తాండూరులో మాది కందిపప్పు వ్యాపారం. నాన్నకు శకునాల పట్టింపు మరీ ఎక్కువ. పిల్లి అడ్డమొస్తే వెనక్కి రావాలి, చెప్పులు విడవాలి, కూర్చుని నీళ్లు తాగాలి, అప్పుడే మళ్లీ బయల్దేరాలి. అలాంటి మనిషి ఇంట్లో పిల్లిని పెంచుతానంటే ఎంత రభస అయ్యుంటుందో ఊహించుకోండి.

గిర్నికి ఈ సంగతి ఎవరు చెప్పారో మరి. స్కూటర్ తాళాల చప్పుడు వినపడితే చాలు, ఎక్కడున్నా వచ్చి గేటు దగ్గర నాన్న ముందు నుంచి అడ్డంగా నడిచేది. తొందరేమీ లేదు. తోక పైకెత్తి, పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలాగా.

నాన్న వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. అమ్మ నీళ్లిచ్చేది. గిర్ని ఎక్కి ఒళ్లో పడుకునేది.

మొదట్లో తిట్లే తిట్లు. "దీన్ని ఏడనన్న ఇడిచిపెట్టి రా" అని తమ్ముడి మీద పడేవాడు.

తర్వాత నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. పొద్దున్నే ఉరుకులు పరుగులు వద్దు, కాసేపు నెమ్మదిగా కూర్చోండి అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మా ముగ్గురిలో ఎవరం చెప్పినా వినలేదు. గిర్ని ఒళ్లోకి ఎక్కితే మాత్రం అది దిగేదాకా కదిలేవాడు కాదు.

"షాపుకు లేట్ అయితలేదా" అని అమ్మ అడిగితే, "పిల్లి అడ్డమొచ్చింది, నేనేం జెయ్యాలె" అనేవాడు.

ఒకరోజు అది రావడం ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి తాళాలు మళ్లీ మళ్లీ ఆడిస్తున్నాడట. తమ్ముడు చూసి నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు.

రెండేళ్ల కిందట గిర్ని ఖాళీ గోనె సంచుల మీద నిద్రపోయి, వాటితో పాటే ట్రాలీ ఆటోలో బషీరాబాద్ వెళ్లిపోయింది. అక్కడ సంచులు దించుతుంటే దూకి పారిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

 రోజూ మధ్యాహ్నం కాగానే నాన్న షాపు తమ్ముడికి అప్పజెప్పి బషీరాబాద్ బస్సెక్కేవాడు. పిల్లి కోసం వచ్చానని చెప్పుకోవడానికి నామోషీ. ఎవరైనా అడిగితే "కందులు జూద్దామని వచ్చిన" అనేవాడు. పాపం వాళ్లు నిజమనుకుని శాంపిల్ తెచ్చి చేతిలో పోసేవాళ్లు. ఇంటికొచ్చేసరికి జేబుల నిండా కందులు. అమ్మ అంగీ ఉతకబోయి, ఆ గింజలు ఏరుతూ ఏడ్చేది.

నెల దాటాక ఒక పొద్దున అదే వచ్చింది.

చెవి చిరిగిపోయింది. వెనక కాలు ఈడుస్తోంది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. అంత దూరం ఎలా వచ్చిందో మాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ పాలు పెడితే వాటి వైపు చూడలేదు. నాన్న స్కూటర్ తీస్తున్నాడు. కుంటుకుంటూ వెళ్లి ముందు ఆయనకు అడ్డం నడిచింది. పాలు ఆ తర్వాతే.

ఆ రోజు నాన్న అసలు షాపుకే పోలేదు.

అంత చూసినవాళ్లం కాబట్టే ఈసారి కూడా లేస్తుందనుకున్నాం.

నిన్న నేను వెళ్లేసరికి నాన్న దాన్ని తన తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెరట్లో ఒక బండ లేపి, తమ్ముడికి పార ఇవ్వకుండా తానే తవ్వాడు. అమ్మ వద్దంటున్నా వినలేదు. మట్టి కప్పి, బండను మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టాడు.

అప్పటి నుంచి ముద్ద ముట్టలేదు. గుండెకు వేసుకునే గోలీ కూడా వద్దన్నాడు. మా అందరికీ భయం పట్టుకుంది.

ఈ రోజు పొద్దున ఏమీ తినకుండానే తాళాలు తీసుకుని బయల్దేరాడు.

"నాన్నా, ఇయ్యాల పోకు" అన్నాను. వినిపించుకోలేదు.

గేటు దగ్గర ఆగిపోయాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది.  నెమ్మదిగా వెళ్లి, నాన్నకు అడ్డంగా ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచింది.

నాన్న ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నాడు.

అమ్మ నీళ్లూ గోలీ తెచ్చి చేతిలో పెట్టింది. వేసుకున్నాడు. వేసుకుని, ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, మా అందరి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

పోయిరా గిర్నీ. నాన్నను మేం కూర్చోబెడతాం.

నువ్వున్న చోట నీకు కడుపు నిండా పాలు, వెచ్చటి ఎండ దొరకాలి. ఇక హాయిగా పడుకో తల్లీ.