పాత బావి మళ్లీ లేచాక

"మీ సార్ ఇక లేరమ్మా. పొద్దున కాఫీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు." మొన్న సోమవారం హ్యూస్టన్ నుంచి సార్ భార్య ఫోన్. నేను మిడ్‌లాండ్‌లో ఆఫీస్‌కి వెళ్తున్నాను. కారు పక్కకి ఆపేశాను.

వెస్ట్ టెక్సాస్‌లో చమురు బావుల పని నాకు నేర్పింది ఆయనే. ప్రెషర్ గేజ్ చూసే ముందు జేబురుమాలుతో దాన్ని శుభ్రంగా తుడిచేవారు. "మసక అంకెలు చూసి పెద్ద పెద్ద తీర్పులిచ్చేస్తాం మనం" అని నవ్వేవారు.

షేల్ అనే గట్టి రాతిపొరలోకి తవ్విన ఒక పాత బావి దిగుబడి బాగా పడిపోయింది. శాశ్వతంగా మూసేద్దామని నేను రిపోర్ట్ రాశాను. సార్ ఒప్పుకోలేదు.

"పక్కన కొత్త బావులు వేస్తున్నారుగా. నీళ్లూ ఇసుకా ప్రెషర్‌తో పంపి రాయి పగలగొడతారు. అందాకా దీని పంప్ పైకి తీసి, ఆపి ఉంచుదాం. ఆ ప్రెషర్ దీనికీ తగలొచ్చు."

"తగిలితే నీళ్లతో నిండి చస్తుంది సార్."

"కొన్ని చస్తాయమ్మా. కొన్ని లేస్తాయి. చూడకుండా మనమే చంపడం ఎందుకు?"

మీటింగ్‌లో అందరి ముందూ, "ఇది ఇంజనీరింగ్ కాదు, సెంటిమెంట్" అనేశాను. ఆయన గొంతు పెంచలేదు. ఓపిగ్గా మేనేజర్లని ఒప్పించి, బావిని మూయకుండా ఆపించి, ఆ నెలాఖరుకి రిటైరయ్యారు.

పక్క బావుల పని పూర్తయ్యాక పాతదాన్ని తెరిచాం. వారాల తరబడి నీళ్లే. నా మాటే నెగ్గిందనుకున్నాను. తర్వాత ఆయిల్ మొదలైంది, ఆపకముందు వచ్చినదానికంటే ఎక్కువగా. ఆ రోజే ఆయనకి ఫోన్ చేయాల్సింది. చేయలేదు. పైగా హ్యూస్టన్‌లో ఒక సదస్సులో అదంతా నా ఆలోచనే అన్నట్టు చెప్పాను. ఏ స్లయిడ్‌లోనూ ఆయన పేరు లేదు.

చప్పట్లు ఆగాక చూస్తే, చివరి వరుసలోంచి సార్ లేచి వస్తున్నారు.

"బాగా చెప్పావమ్మా. నీళ్లు ఎన్నాళ్లు వచ్చాయి?"

"ఆరు వారాలు సార్."

"మధ్యలో విసుగొచ్చి ఆపేయలేదుగా. అది చాలు."

ఆయన ముఖంలో నిజంగానే సంతోషం. "సార్, అసలు ఆ ఐడియా..." అంటుండగా ఎవరో నన్ను పిలిచారు. అటు తిరిగాను. పిలవకపోయినా ఆ మాట పూర్తి చేసేదాన్నో లేదో, ఇప్పటికీ చెప్పలేను.

తిరిగి చూసేసరికి ఆయన లేరు. తలుపు దాకా పరుగెత్తాను. బయట మండుటెండలో, పార్కింగ్ లాట్ నడుమ, కారు ఎక్కడ పెట్టారో మరిచిపోయి, తాళం పైకెత్తి నొక్కుతూ, ఏది పలుకుతుందా అని చెవి ఒగ్గి వింటూ, ఒక్కో వరుసా దాటి వెళ్తున్నారు సార్.