డ్యూటీ మారే వేళ

మొన్న ప్రొద్దుటూరులో రక్తపోటు చూపించుకోవడానికి వెళ్తే, చేతికి పట్టీ చుడుతూ నర్సమ్మ "ఏం పెద్దాయనా, తల తిరుగుతాందా?" అంది. తల తిరగడం లేదు గానీ, ఆ మాటతో మా తమ్ముడి కూతురు గుర్తొచ్చింది.

జమ్మలమడుగులో పెరిగిన ఆ పిల్ల ఒట్టి వసపిట్ట. పులివెందులలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ల కాలేజీలో నర్సింగు చేరింది. మూడో ఏడు సెలవులకు వచ్చినప్పుడు అన్నం కావాలన్నా, వద్దన్నా తలూపడమే. చదువు ముదిరి నెమ్మది వచ్చిందని ఇంట్లో మురిసిపోయారు కూడా. నా డైరీల్లో పప్పులో ఉప్పెక్కువైన రోజులు సైతం ఉన్నాయి. ఆమె మాట మానేసిన రోజు మాత్రం లేదు. మాట ఆగిపోతే చప్పుడు కాదు కదా.

సెలవులయ్యాక నేనే బస్సులో తీసుకెళ్లాను. ముద్దనూరు దాటాక పక్క సీటు ముసలామె "యాడికి పోతాండావు పాపా?" అని అడిగింది. పిల్ల బదులివ్వక నా వైపు చూసింది. "ఏందప్పా, పాపకు మాట రాదా?" అంది ముసలామె. పిల్లకు కళ్ల నీళ్లు ఆగలేదు. అప్పుడు చెప్పింది, నా చెవిలో. డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతులు తరువాతివాళ్లకు అందరి ముందూ చెప్పాలట. ఒకరోజు "ఆ తాతకు కడుపులో శానా నొస్తాంది, నీళ్లు తాగినా కక్కుతాండాడు" అంది. కోస్తా నుంచి వచ్చిన హెడ్ సిస్టర్ పకపకా నవ్వి, "ఇది వార్డా, సంతా? మళ్లీ చెప్పమ్మా, డాక్టరుగారు కూడా వింటారు" అందట. తాత కడుపునొప్పి ఎవరికీ పట్టలేదు. ఆనాటి నుంచి పిల్ల పేరు "తాండాడు". తోటివాళ్లు ఆపరేషన్ థియేటర్లో పని నేర్చుకుంటుంటే, నోరు తిరగనిదానికి అదెందుకని ఈమెను దుప్పట్లు మార్చడానికే ఉంచేశారు.

"ఆ టైమొస్తే గుండె దడదడమంటాంది పెదనాయనా. నిద్ర పట్టదు. నోరు తెరవాలంటే భయం."

"ఇంటికి పోదాం పా. ఇంకో బస్సెక్కుదాం."

"యాడికి పోతాం? సర్టిఫికెట్లు వాళ్లకాడ ఉండాయి. ఇడిసిపెడితే మూడేండ్లు మట్టిపాలు."

బస్సు దిగి నేరుగా కాలేజీకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ప్రిన్సిపాల్ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. "మాట కాస్త మార్చుకుంటే సరిపోతుంది కదండీ" అన్నారు, ఎంతో మర్యాదగా. మీ సిస్టరు మార్చుకోవలసింది ఏమీ లేదా అని నేనడిగితే గడియారం చూసుకున్నారు. నేను బయటికొచ్చేసరికి పిల్ల తెల్లకోటు తొడుక్కుని వార్డు మెట్లెక్కుతోంది.

కోర్సు పూర్తయింది, వేరే ఊళ్లో ఉద్యోగమూ వచ్చింది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. "పెదనాన్నా, ఆరోగ్యం ఎలా ఉందండీ?" అంటుంది, అచ్చేసినట్టు. వాళ్లమ్మతోనూ అదే తీరు. "నాతో గూడా ఆస్పత్రి మాటలేందిమే" అని ఆమె కసురుతుంది. పిల్ల మాట్లాడే ప్రతి వాక్యానికీ ముందు ఒక చిన్న విరామం, లోపల ఎవరో మాటను సరిచూసి పంపుతున్నట్టు. ఏళ్లు గడిచిపోయాయని అందరం అంటాం. ఆ విరామంలో మాత్రం డ్యూటీ మారే వేళ ఇంకా అయిపోలేదు.