కింది నుంచి రెండో లైను

ఆ రోజు నాన్న పదకొండు గంటలకే ఇంటికి వచ్చేశాడు. రైల్వే ఆస్పత్రిలో కళ్ళ పరీక్షకని పొద్దున్నే ఇస్త్రీ కోటు తొడుక్కుని వెళ్ళిన మనిషి, కోటు చేతి మీద వేసుకుని తిరిగొచ్చాడు. వరండాలో బియ్యం ఏరుతున్న అమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"లైన్ నుంచి దించేసినారు," అన్నాడు నాన్న.

"సదవలేదేటి?"

"కనబళ్ళేదు."

అమ్మ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన నిలబడే తాగి, తర్వాత కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. గూడ్సు బండి గార్డుగా ఆయన ఉద్యోగం అంతటితో ముగిసింది.

లైన్ అనే మాట మా ఇంట్లో ఎన్ని పనులు చేసేదో చెప్తే గాని, అది పోతే అమ్మకు ఏం పోయిందో తెలియదు. రాయపూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరుస పేరే లైను. మాది మూడో లైను. ఎనిమిది ఇళ్ళలో ఆరు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళవి. నాన్న బండి మీద వెళ్తే లైన్‌లో ఉన్నట్టు. వెంట తీసుకెళ్ళే రేకు పెట్టె లైన్ పెట్టె. అందులో ఒక పక్క ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం. ఇంకో పక్క, అవతలి ఊళ్ళో గార్డులు దిగే గదిలో వండించుకోవడానికి అమ్మ మూట కట్టిన బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ సీసా. పక్కనున్న గుఢియారీ బస్తీ నుంచి పాలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ గుమ్మంలో నిలబడి, "బాబూ లైన్ గే హే కా?" అని అడిగేది. వెళ్ళాడంటే, చెప్పకుండానే పావుసేరు తగ్గించి పోసేది. కుళాయి దగ్గర బిందెలది లైనే. సంబంధాలు చూసేటప్పుడు కూడా "పిల్లడు లైన్ మనిషేనా?" అని అడిగేవారు. స్టేషన్లో కుర్చీ మీద కూర్చుని పనిచేసేవాళ్ళకు మా వరుసలో కాస్త మర్యాద తక్కువ. చాలా ఏళ్ళ తర్వాత పత్రికలో చేరినప్పుడు, వార్త ఎన్ని లైన్లు రావాలని ఎవరైనా అంటే నాకు ముందు పట్టాలే కళ్ళలో మెదిలేవి.

లైన్ దిగినవాళ్ళకు ఏ ఊళ్ళో కుర్చీ ఇస్తారో తెలియదు. క్వార్టరు మాత్రం వదలాల్సిందే. అమ్మ భయమంతా అదే. ఇరుగూ పొరుగూ తెలుగు మాట్లాడే ఆ ఆరిళ్ళు దాటితే ఆమెకు ఊరంతా హిందీయే.

కళ్ళ పరీక్షలో గోడకు ఒక అట్ట తగిలిస్తారు. పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. గార్డులు కింది నుంచి రెండో లైను తప్పులేకుండా చదవాలి. మా వరుసలో ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలన్నది పద్ధతి. సెలవు అర్జీ దగ్గర్నుంచి సత్తు రూపాయి గుర్తుపట్టడం దాకా అంతే. అందుకని నాన్న పరీక్షకు పది రోజుల ముందు అమ్మ, అంతకు ముందు నెలే పరీక్ష దాటిన పక్కింటి గార్డును పిలిచి కూర్చోబెట్టింది. నాన్న ఈడువాడే. నాన్నను బావా అనీ, అమ్మను అక్క వరసన అప్పా అనీ పిలిచేవాడు. బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుంటున్న నన్ను పలక తెమ్మన్నారు.

"రాసుకో అమ్మలూ. టి, హెచ్, ఎల్, ఓ, డి, ఎన్."

గోడ అవతల నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఆ రోజు సి అన్నావు కదేటి. ఇప్పుడు ఓ అంతన్నావు."

"సి కాదే. నా కళ్ళతో సూసినాను."

"నీ కళ్ళ సంగతి నాకు తెల్దేటి. మొన్న బజార్లో మా అక్కనుకోని ఎవర్నో పిలిసినావు. ఆవిడ తిట్టింది."

అమ్మ నవ్వాపుకుంటూ అడిగింది. "ఓ అన్నప్పుడు డాక్టరు ఏటన్నాడు తమ్ముడూ?"

"ఠీక్ హై అన్నాడప్పా. ఠీక్ అన్నాక ఇంకేటి?"

పది రోజులు ఆ ఆరక్షరాలే మా ఇంట్లో వినిపించాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా నాన్నకంటే ముందే ఆమెకు కంఠతా వచ్చేశాయి. వడ్డించేటప్పుడు ఆమె గరిట పట్టుకుని ఆగేది. నాన్న ఒక అక్షరం చెప్పేవాడు, కూర పడేది. తప్పు చెప్తే గరిట గిన్నెలోకి వెనక్కి వెళ్ళేది. ఇద్దరూ నవ్వుకునేవారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని అంతసేపు నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నాన్న నన్ను మా వరుస చివరికి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి స్టేషన్ సిగ్నల్ కనిపిస్తుంది. దాని చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. ఇంకా వెలుతురు బాగానే ఉంది.

"అమ్మలూ, సెయ్యి ఎలగుంది?"

"అడ్డంగా ఉంది నాన్నా."

"వాలినట్టు లేదూ?"

"లేదు. అడ్డంగానే ఉంది."

ఆయన అమ్మకు చెప్పొద్దన్నాడు. ఆ పూట భోజనం దగ్గర మాత్రం ఆరక్షరాలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. అమ్మ గరిట ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత ఆయనకు రాయపూర్లోనే పార్సెల్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. నెల తిరక్కముందే మూడో లైను ఖాళీ చేసి, పట్టాలకు అవతలి పక్క ఇంట్లోకి మారాం.

పక్కింటాయన మాత్రం, నాన్న ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే డ్యూటీ దిగి, పెట్టె కూడా ఇంట్లో పెట్టకుండా మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏ అచ్చరం దగ్గర బావా?"

"ఒదిలీరా," అన్నాడు నాన్న.

పక్కింటాయన దాన్ని మరోలా తీసుకున్నాడు. తను చెప్పిన ఓ వల్లే ఇదంతా జరిగిందనుకున్నాడు. ఆ తర్వాత నాన్నతో సూటిగా మాట్లాడలేకపోయేవాడు. లైన్ నుంచి వచ్చినప్పుడల్లా అరటిగెలో, పనసకాయో మా గుమ్మంలో పెట్టి పోయేవాడు. అన్నం సరిగ్గా తినడం లేదని ఆయన భార్య చెప్పింది.

"అతనికి ఒక్క ముక్క సెప్పండి," అంది అమ్మ.

"ఏటి సెప్పను?"

సిగ్నల్ సంగతి నేనూ అమ్మకు చెప్పలేదు. ఆ గదిలో ఉన్నది డాక్టరూ నాన్నా ఇద్దరే. డాక్టరు ఇచ్చిన కాగితం మీద దృష్టి చాలదని మాత్రం ఉంది. కంఠతా వచ్చిన ఆ ఆరక్షరాల్లో నాన్న అక్కడ ఎన్ని చెప్పాడో, అసలు నోరు విప్పాడో లేదో మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.