గాజులకు చుట్టిన గుడ్డ

చేతికుండే గాజులు తీసి పక్కన పెట్టమన్నాడు మామ. మొగుడు బతికుండంగా గాజులెట్ల తీస్తాదని అత్త గయ్యిమనింది. అరుచుకునేది వాళ్లిద్దరూ, మధ్యలో చాపిన చేతులు మాత్రం స్వాతివి. కడాకు అత్త సంజీవమ్మే పాత పంచె అంచు చించి, కోడలి రెండు చేతుల గాజులకూ బిగించి చుట్టింది.

"ఇంగ మోగవులే. పోయి ఆడుకో," అనింది.

ఆడుకో అనడం సులువు. ఆ ఇంట్లో ఆ ఆట ఆడేది స్వాతి, మాట్లాడేది మామ, పేరొచ్చేది మొగునికి. ఇది ఎట్ల మొదలైందో చెప్పాలంటే కొంచెం ఎనక్కి పోవాల.

స్వాతి పుట్టింది దువ్వూరులో, గొర్లు మేపే ఇంట్లో. చదువు కోసమని ప్రొద్దుటూరులో మేనమామ ఇంట్లో పెట్టినారు. ఆ వీధి మలుపులో నూర్ అహ్మద్ వీడియో గేముల అంగడి ఉండేది. ఎప్పుడు చూసినా మొగపిల్లోళ్ల కేకలు, తోపులాట. ఆడపిల్ల ఆ గడప తొక్కితే వీధంతా తలకాయలు బయటికొచ్చేవి. అయితే నూర్ అహ్మద్ కూతురు ఖదీజా, స్వాతి ఒకే బెంచీ. శుక్రవారం జుమ్మా నమాజుకు ఆయప్ప షట్టరు సగం దించి పోతానే, బడి నుంచి అన్నానికొచ్చిన ఈ ఇద్దరూ అన్నం మాట మర్చిపోయి షట్టరు కింద నుంచి దూరేవాళ్లు.

వాళ్లు ఆడింది ఒకటే ఆట. చేతిలో లాంతరు పట్టుకోని ఒక చిన్న మనిషి పాడుబడిన కోటలోకి పోతాడు. వీళ్లు వానికి లాంతరోడని పేరు పెట్టినారు. కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక్కో గదిలో బండలుంటాయి. ఏ బండను యాడికి తోస్తే ఏ తలుపు తెరుచుకుంటాదో బుర్ర పెట్టి కనుక్కోవాల, ఆమీట గుంతలు దూకాల, ముండ్లు దాటాల. ఆలోచిస్తా నిలబడిపోతే లాంతర్లో దీపం తగ్గుతా తగ్గుతా ఆరిపోతాది. ఆరిందా, మళ్లా మొదటి గది నుంచి రావాల్సిందే.

కడా గది దాకా పోయినారు గానీ కడా తలుపు ఏ శుక్రవారమూ తెరవలేదు. నమాజు అయిపోయేది, షట్టరు పైకి లేచేది, ఇద్దరూ ఎనక దోవన పరుగు. ఆ తలుపు ఎనకాల ఏముందో అని పెద్దమనుషులైనాక కూడా వాదులాడుకునేవాళ్లు. తోట ఉంటాదని ఖదీజా. ఇంగో కోట ఉంటాదని స్వాతి.

అందరి చేతికీ ఫోన్లొచ్చినాక అంగడి ఈగలు తోలుకునింది. మూసేటప్పుడు నూర్ అహ్మద్ ఆ పాత గేము పెట్టెను, రెండు రిమోట్లను గుడ్డలో మూటగట్టి స్వాతి పెండ్లికి తెచ్చిచ్చినాడు. "నీకే ఇయ్యాలని మా ఖదీజా మొండికేసిందమ్మా," అన్నాడు. ఖదీజా అప్పటికే పులివెందులకు కాపురానికి పాయ.

స్వాతిని చేసుకున్నది హరినాథ్. కలమల్ల కాడ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఇల్లు ప్రొద్దుటూరు కడాన, చాపాడు పోయే దోవలో. వాళ్లనాయన పెద్దన్న గొంతు ఈ జిల్లాలో ఒకప్పుడు తెలియనోళ్లు లేరు. తిరునాళ్లలో ఎద్దులు బండలాగే పందేలుంటాయే, వాటికి మైకు పట్టేది ఆయనే. జమ్మలమడుగులో ఆయన మాట్లాడితే ఎద్దులు సగం ఆ గొంతుకే లాగేవంట. కొత్త మైకోళ్లొచ్చినారు, పాటలు పెట్టేదొచ్చింది, పెద్దన్నను పిలిచేది నిలిచిపాయ. ఇంట్లో మంచం మీద కూచోని పెండ్లాం వంట మీద, కోడలి నడక మీద, కోళ్ల మీద కామెంటరీ చెప్పుకుంటా ఉండె. స్వాతిని మాత్రం "మ్మేయ్" అని తప్ప పిలిచింది లేదు. హరినాథ్ "ఏమే" అంటాడు. ఆ ఇంట్లోకొచ్చినాక ఆ పిల్ల పేరు రేషను కార్డులోనే మిగిలింది.

ఒక మధ్యాన్నం గొర్లకు మేతేసి వచ్చి, పని లేక, స్వాతి ఆ పెట్టెను టీవీకి తగిలించింది. లాంతరోడు బండ తోయడం మొదలుపెట్టినాడు. మంచం మీద పెద్దన్న లేచి కూచున్నాడు.

"ఇదిగో కదులుతాంది... కదులుతాంది బండ! ఎనకాల గుంత, ముందర ముండ్లు, ఏం చేస్తాడో మనోడు! లాగప్పా, లాగు... అయ్యయ్యో, కాలు జారె! లేచినాడు! మగోడప్పా, లేచినాడు!"

అప్పుడే డ్యూటీ దిగొచ్చిన హరినాథ్ గడప కాడ పడీపడీ నవ్వి, టీవీ తెరను, నాయన గొంతును ఫోన్లో పట్టి లోకం మీదికి వదిలినాడు. మూడో దినానికి ముద్దనూరు నుంచి, మైదుకూరు నుంచి, కువైట్ నుంచి కూడా మెచ్చుకోళ్లు. పెద్దన్న గొంతు మళ్లా బతికింది. పొద్దున కోడల్ని ఆటకు కూచోబెట్టేది, హరినాథ్ ఫోను పట్టేది, వారానికో గది వదిలేది.

"పెద్దన్నా, ఆడేది ఎవరప్పా, చెయ్యి శానా బాగుంది," అని జనం అడిగిరి.

పెద్దన్న రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "ఇంకెవరు, మా హరి!"

హరినాథ్ కాదనలేదు. కలమల్లలో తోటి పనోళ్లు టీ తాగిపిస్తాంటే ఎట్ల కాదంటాడు? వానికి ఆ రిమోటు తలకిందులా పట్టుకున్నా తెలీదు.

ఇంతలో ఒక పీడ పట్టుకునె. వీడియోలో ఏందో గలగల వినబడతాందని జనం అడగడం మొదలుపెట్టిరి. అవి ఎద్దుల మెడ గజ్జెలని, ఆట కోసమని కట్టినామని పెద్దన్న తడుముకోకుండా చెప్పె. గజ్జెలు అదిరినాయప్పా అని అందరూ పొగిడిరి. ఎవరో తెలివైనోడు మాత్రం, "గజ్జెలు కావు, గాజులు, ఆడేది ఆడమనిషి," అని రాసె. ఆ దినమే గాజులు తియ్యమనేది, గుడ్డ చుట్టేది జరిగింది. గుడ్డ చుట్టినాక గజ్జెలేవని జనం గోల. పెద్దన్న అటక మీద నుంచి నిజం గజ్జెలు దించి, ఒక చేత్తో అవి ఆడిస్తా, నోటితో మాట్లాడతా ఉండె. స్వాతి గాజులు మూగబోయి, వాటి బదులు ఎద్దు గజ్జెలు మోగినాయి. ఆ పిల్ల ముఖం తిప్పుకోకుండా ఆడుకుంటా పాయ.

ఒకనాడు పులివెందుల నుంచి ఫోను.

"ఒసేయ్, ఆడేది నువ్వే కదే?" ఖదీజా. "మూడో గదిలో బండ జారుతాంటే ఎనక్కి తిరిగి దూకేది లోకంలో మనమిద్దరమే. మీ ఆయన పేరేందే ఆడ?"

"మామ చెప్పినాడులే."

"మామ చెప్తే నీ చేతులు మీ ఆయనకు పోతాయా? నేను వీడియో కింద రాస్తి, ఆడేది స్వాతి అని. పొద్దున చూస్తే లేదు. ఎవరు తీసేసినారే?"

తీసేసినోడు పక్క గదిలో తల దువ్వుకుంటాండాడు.

ఆ మాట లోపల ముల్లు మాదిరి కూచునింది. సాయంత్రం మామకు కాఫీ ఇచ్చి, నిలబడింది.

"మామా, ఒకటి అడగల్ల."

"అడుగుమ్మేయ్."

"కడా తలుపు తెరిచిన దినం, ఆడింది నేనని మైకులో చెప్పు. ఒక్కసారి. ఊరొద్దు, మండలమొద్దు. పేరు చాలు."

పెద్దన్న కాఫీ గలాసు కింద పెట్టినాడు. "ఆడకూతురు పేరు మైకులో పలికితే పోరంబోకు నోర్లన్నిట్లో నానుతాది మ్మేయ్. వద్దనేది అందుకే." గొంతు తగ్గించినాడు. "పందేల్లో ఎవరెవరి పేర్లు పలికినానో నాకే తెలీదు. ఎద్దులు మేపినోని పేరు కాదు, తోలినోని పేరు కాదు, సొంతదారుది. పేరు, ఊరు, మండలం. అందర్నీ పలికినాక 'మైకు కట్టెయ్యప్పా' అనేవాళ్లు. పెద్దన్న అని ఒక్కడు పలికినాడా? ఆ మంట నాకు తెలీదా? చెప్తాలే. అయితే ఒకటి, కడా తలుపు ఇంట్లో తియ్యొద్దు. జనం ముందర తీద్దాం."

స్వాతి ఒప్పుకునింది. కడా గది మర్మం అప్పటికే కనుక్కునింది. ఒక్క దూకు మిగిలుంది. ఒంటరిగా ఉన్న మధ్యాన్నాలు ఎన్నొచ్చినా, ఆ తలుపు ముందు లాంతరోన్ని నిలబెట్టి, పెట్టె ఆర్పేసి లేచిపోయేది. చిన్నప్పటి నుంచి చూడాలనుకున్న తలుపును మామ మాట కోసం దాచిపెట్టింది.

జమ్మలమడుగులో బండలాగుడు పందెం పెట్టినోళ్లు పెద్దన్నను పిలిచినారు. పందెం ముందు దినం సందకాడ, మైదానంలో పెద్ద తెర కట్టి, హరినాథ్ చేత కడా గది ఆడించి అందరికీ చూపిస్తారంట. హరినాథ్ కు శాలువ కప్పుతారంట.

ఆమీట తండ్రీ కొడుకులు కూచోని దోవ కనుక్కున్నారు. స్టేజీ మీద హరినాథ్ పెట్టెకు తగిలించని ఉత్త రిమోటు పట్టుకోని కూచుంటాడు. తెర ఎనకాల స్వాతి అసలు రిమోటు పట్టుకుంటాది. దాని వైరు తెర గుడ్డ కింద నుంచి పెట్టెకు పోతాది.

"సిగ్గు లేదురా మీకు?" అనింది సంజీవమ్మ.

"నువ్వూ ఎనకాలే కూచో, పిల్ల ఒంటరిగా ఉంటాది," అన్నాడు పెద్దన్న, అదే జవాబైనట్లు.

తెర ఎనకనుంచి చూస్తే కుడి ఎడమైతాది. దానికీ చెయ్యి అలవాటు చేసుకునింది స్వాతి. ఆ సందకాడ అత్తా కోడలు తెర ఎనకాల బోర్లించిన బుట్టల మీద కూచున్నారు. ఆపక్క జనం, ఈలలు, వేరుసెనక్కాయల వాసన. పెద్దన్న గొంతు సాయంత్రమంతా ఎగిరెగిరి పడుతాంది. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు, స్వాతి ఎప్పుడూ అంత బాగా ఆడలేదు. బండ తర్వాత బండ, తలుపు తర్వాత తలుపు. జనం ఊపిరి పట్టి చూస్తాండారు.

కడా గది. పెద్ద బండ నడిమికొచ్చింది. లాంతరోడు దాని మీదికెక్కి నిలబడినాడు. ఎదురుగా తలుపు. ఒక్క దూకు.

"ఇదేనప్పా కడా రవుండు!" పెద్దన్న గొంతు మైదానం దాటి పోయింది. "ఎవరూ తెరవని తలుపు! తెరుస్తాండేది ఎవరో తెలుసునా?"

స్వాతి వేలు మీట మీద ఆగింది. ఆ మాట కోసమే ఆగింది.

ముందు వరస కుర్చీల్లో పెద్దమనుషులు శాలువ మడత విప్పి హరినాథ్ దిక్కు చూస్తాండారు. పెద్దన్న నాలుక ఎప్పుడూ పోయే దోవలోనే పాయ.

"ప్రొద్దుటూరు టౌను, గొర్ల పెద్దన్న కొడుకు, హరినాథ్! హరినాథ్! కొట్టండప్పా చప్పట్లు!"

సంజీవమ్మ కోడలి మొగం చూసింది. స్వాతి రిమోటు ఒళ్లో పెట్టుకునింది. ఎడమ చేతి గాజుల గుడ్డ ముడి విప్పింది, ఆమీట కుడి చేతిది. తొందర లేదు.

తెర మీద లాంతరోడు కదల్లేదు. దీపం తగ్గుతాంది.

"ఆలోచన చేస్తాండాడు మనోడు..." అన్నాడు పెద్దన్న. జనం నవ్విరి. "ఆలోచన చేస్తాండాడు..." ఈల. "నొక్కరా హరీ!" హరినాథ్ ఉత్త రిమోటును రెండు చేతులా పిండుతాండాడు. దీపం ఇంకా తగ్గె. పెద్దన్నకు మైకు మర్చిపోయింది, మర్యాద మర్చిపోయింది.

"స్వాతీ! ఏం చేస్తాండావే ఆడ? నొక్కు!"

నాలుగు దిక్కులా కట్టిన స్పీకర్లలో ఆ పేరు మోగింది. ఎవరో తెర గుడ్డ ఎత్తినారు. బుట్ట మీద ఆడమనిషి, ఒళ్లో రిమోటు, చేతిలో గుడ్డ పేలికలు. ఆమీట నవ్వు మొదలైంది, ఎద్దులు బెదిరేంత నవ్వు. దీపం ఆరిపాయ. తెర మీద మొదటి గది వచ్చి నిలబడె.

ఇంటికొచ్చినాక హరినాథ్ పెట్టె వైరు పీకి తెంపి, పెట్టెను అటక మీదికి విసిరినాడు. "నా పరువు తీస్తివి కదే!"

"నీ పేరు నేను పలకలేదే," అనింది స్వాతి. "పలికింది మామ, నాదీ నీదీ."

పెద్దన్న గోడకు ఆనుకోని కూచున్నాడు. "గెల్చినాక చెప్పేవాణ్ణే. ఇంకొక్క దూకు ఓపిక పట్టింటే చెప్పేవాణ్ణే."

చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో. ఆ తలుపు ఎనకాల ఏముందో తెలీనట్లే, అదీ స్వాతికి తెలీలేదు.

ఆ ముక్కను ఎవరో ఫోన్లో పట్టినారు. నెల తిరక్కముందే జిల్లా అంతా అదే మాట. బండి స్టార్టు కాకపోతే "స్వాతీ, నొక్కు!" లిఫ్టు కదలకపోతే "స్వాతీ, నొక్కు!" కలమల్లలో హరినాథ్ కు టీ తాగిపించేవాళ్లు లేరు. పెద్దన్నను మళ్లా ఎవరూ పిలవలేదు. స్వాతి పాలకు పోతే మలుపు కాడ మొగపిల్లోళ్లు ఆ మాటే అరుస్తారు. అరిచేటోని దిక్కు తిరిగి నిలబడి, "ఆ, నేనే. ఏంది?" అంటాది. వాడు తల దించుకుంటాడు. మరుసటి దినం ఇంకొకడు.

ఒకనాడు ఆ అరుపు విని లోపలికొచ్చిన కోడలితో సంజీవమ్మ చెప్పింది. "నేను ఈ వీధికొచ్చి ముసలిదాన్నైతి. ఈనాటికీ పెద్దన్న పెండ్లామంటారు, లేదంటే హరి వాళ్లమ్మంటారు. నా పేరు తిట్టేకి కూడా ఎవరికీ తెలీదు. నీది తిట్టులోనైనా బయటపడె."

ఓదార్పో ఎత్తిపొడుపో స్వాతి అడగలేదు.

ఖదీజా ఫోన్ చేసి, "నీ పేరు విన్యానే," అనింది. ఆమీట, "కడాకు ఏముందే దాని ఎనక?" అని అడిగింది.

"తెలీదు. నువ్వు చెప్పిన తోటే అనుకో."

గాజులకు చుట్టిన గుడ్డ పేలికలు రెండూ ఇప్పుడు పొయ్యి కాడ ఉన్నాయి. అన్నం గిన్నె దించేటప్పుడు చెయ్యి కాలకుండా పట్టుకునేకి వాడుకుంటాంది. దించేటప్పుడు గాజులు మోగుతాయి. ఎవరూ ఏమీ అనరు.