వదిన పాడిన వాగు పాట

మధిరలో నేను పనిచేసే బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా సెల్ మోగింది. మా అన్న. "చెల్లె, మీ వదిన పోయింది" అన్నాడు.

నిన్న సాయంత్రమే ఖమ్మం దవాఖానాలో ఆమెను చూసి వచ్చాను. జ్వరం దిగుతుందన్న ఆశతోనే వచ్చాను. "ఇప్పుడు ఎక్కడున్నవన్నా?" అని అడిగాను.

"ఇంటికి తీస్కపోతున్న. నువ్వు భద్రాచలమే రా" అని పెట్టేశాడు. పిల్లలు ఇంకా ఏడో ఎక్కం చెబుతూనే ఉన్నారు.

మీలో చాలామందికి మా వదిన తెలుసు. కానీ పేరు చెబితే తెలియదు, ముఖం చూపినా తెలియదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఖమ్మం జిల్లాలో పెళ్ళి ఊరేగింపులో నడిచినవాళ్ళు, ఆటో ఎక్కినవాళ్ళు, గోదావరి మీద లాంచీలో తిరిగినవాళ్ళు "వాగు దిగినంక రావే పిల్లా" అనే పాట వినకుండా ఉండరు. ఆ పాట ఆమెది. ఆ గొంతూ ఆమెదే.

ఆమె పుట్టింది చర్ల దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో. వాళ్ళమ్మ సంతలో కూరగాయలు అమ్మేది. ఎండాకాలం తల్లీ కూతుళ్ళిద్దరూ తునికాకు కోతకు పోయేవాళ్ళు. మా అన్న అప్పట్లో భద్రాచలం నుంచి చర్లకు ట్రిప్పు జీపు తోలేవాడు. ఒకరోజు ఆమె వంకాయల బస్తాతో జీపెక్కి, టేపులో వస్తున్న పాటతో పాటు పాడటం మొదలుపెట్టిందట. మా అన్న టేపు ఆపేశాడు.

"ఏంది, ఎందుకాపినవ్?" అని ఆమె గొడవకు దిగింది.

"నువ్వు పాడుతున్నవ్ గద, ఇంక అదెందుకు?" అన్నాడు అన్న.

మా ఇంట్లో ఈ పెళ్ళికి అమ్మ చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం కోడలిని వంట దగ్గరికి రానివ్వడం మానేసింది. పాట ఎత్తుకుంటే వదినకు పొయ్యి మీద ఏముందో గుర్తుండేది కాదు. అమ్మ తిడితే, "మాడింది కూరే గదత్తా, పాట మంచిగనే వచ్చింది" అని నవ్వేది. పాడే ముందు చేతి గాజులు తీసి కొంగున ముడి వేసుకునేది. మైకులు, స్టూడియోలు చూడకముందు నుంచే ఆ అలవాటు. గాజుల చప్పుడు అడ్డమొస్తుందని.

వాళ్ళకు ఒక కూతురు పుట్టింది. నాలుగేళ్ళు బతికింది.

ఆ వానాకాలం వదిన పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. పిల్లకు జ్వరం వచ్చింది. కబురు అందుకుని అన్న జీపు వేసుకుని వెళ్ళి, ఇద్దరినీ ఎక్కించుకుని భద్రాచలం బయలుదేరాడు. దారిలో వాగు పొంగి రోడ్డు మీద పారుతోంది. అప్పుడక్కడ వంతెన లేదు. అన్న నడుము లోతు దాకా నీళ్ళలో దిగి చూశాడు. కాళ్ళు నిలవలేదు. వెనక్కి వచ్చి జీపులో కూర్చున్నాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ వచ్చాడు. పొద్దుగూకే వేళకు వదిన ఒళ్ళో పిల్ల చల్లబడిపోయింది. వాగు తెల్లారి దిగింది.

ఆ తర్వాత వదినను కొన్నాళ్ళు మధిరలో అమ్మా నేనూ ఉండే ఇంట్లో ఉంచుకున్నాం. పెడితే తినేది, లేకపోతే లేదు. ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ సన్నగా పాడటం విన్నాను. పిల్ల పోయాక ఆమె నోట పాట వినడం అదే మొదలు.

"వాగు దిగినంక రావే పిల్లా
వానలు ఆగినంక రావే
గట్టు మీద నేనుంట పిల్లా
గౌను తడవకుంట రావే"

అమ్మ వంటింట్లోంచి వచ్చి, గుమ్మం పట్టుకుని, అలాగే కిందికి జారి కూర్చుంది. బియ్యం ఏరడం అయ్యేదాకా ఆ పాట సాగింది.

ఏడాది గడిచాక ఖమ్మంలో ఎవరో జానపదాల క్యాసెట్ తీస్తూ కోరస్ పాడేవాళ్ళు కావాలంటే వదిన వెళ్ళింది. తోడుగా నేను వెళ్ళాను. ఒక దుకాణం పైన రెండు గదులు, అదే స్టూడియో. మధ్యలో టీ తాగుతుండగా ఆమె తనలో తాను ఈ పాట అనుకుంటుంటే క్యాసెట్ తీసే ఆయన విన్నాడు.

"ఏంది తల్లీ ఆ పాట? మస్తుగున్నది. జర స్పీడు పెంచితే అదిరిపోతది" అన్నాడు. కీబోర్డు ఆయన అక్కడికక్కడే దరువు వేసి వినిపించాడు. అది ఊరేగింపు దరువు. నాకు ఒళ్ళు మండింది. వదిన కళ్ళు దించుకుని వింటోంది.

"ఒక్కటే మాట మార్చాలె. గౌను ఏంది? సంటి పిల్లల పాట లెక్కున్నది. కొంగు అని పెడదం. కొంగు తడవకుంట రావే. పోరగాళ్ళు ఎగబడతరు."

వదిన మైకు వైపు చూసి, "పెట్టుకోండ్రి" అంది. గాజులు తీసి కొంగున ముడి వేసుకుంది.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు ఒప్పుకున్నవ్ వదినా?"

"గౌనంటే నేను పాడలేనమ్మాయ్. గొంతు మూసుకపోతది. కొంగంటే ఎవరో పిల్ల. ఎవరో పిల్లయితే పాడగలుగుత."

ఆ పాట ఏమైందో మీకు తెలుసు. ఖమ్మం బస్టాండు దగ్గర ఒక క్యాసెట్ల దుకాణం ఉండేది. దాని ముందు నల్లబోర్డు మీద వారం వారం బాగా పోతున్న పది పాటలు సుద్దముక్కతో రాసేవారు. వదిన పాట మొదట కింద ఎక్కడో కనపడింది. శివరాత్రి నాటికి పైకెక్కింది. ఇక వానలు పడేదాకా దిగలేదు. దుకాణం ఆయన బోర్డు తుడిచేటప్పుడు మొదటి వరస వదిలేసి మిగతావి తుడిచేవాడు. కేబుల్ టీవీలో ఫోన్ చేసి పాట అడిగే కార్యక్రమంలో మణుగూరు నుంచీ కొత్తగూడెం నుంచీ అదే అడిగేవారు. క్యాసెట్ అట్ట మీద మాత్రం వదిన లేదు. జలపాతం పక్కన ఓణీ వేసుకున్న ఎవరో అమ్మాయి ఫోటో ఉంది. వదిన పేరు వెనకవైపు సన్నటి అక్షరాల్లో, అదీ తప్పుగా పడింది.

మా అన్న జీపులోంచి టేపు పీకేశాడు. "భద్రాచలంల మోగని జీపు ఇదొక్కటే" అని ప్యాసింజర్లు వెక్కిరిస్తే విననట్టే ఉండేవాడు. ఇంట్లో ఆ పాట మాటే ఎత్తేవాడు కాదు. ఎదురింటి రేడియోలోంచి వస్తే లేచి గోదారి గట్టుకు పోయేవాడు. అన్నకు వదిన మీద కోపమేమో అనుకున్నాను. ఒకసారి ఆమెతో అంటే తల అడ్డంగా ఊపింది. "నా మీద ఏం కోపముంటది? మీ అన్నకు పాట ఇనపడదమ్మాయ్, వాగు ఇనపడతది."

పెనుబల్లిలో మా చుట్టాల పెళ్ళి జరిగింది. ఊరేగింపులో ఆ పాట పెట్టారు. కుర్రాళ్ళు చొక్కాలు తడిసిపోయేలా ఎగురుతున్నారు. చిన్నపిల్లలు వాళ్ళ కాళ్ళ సందుల్లో దూరి ఎగురుతున్నారు. పాడింది ఈమేనని అక్కడ ఎవరికీ తెలియదు. నేను వదిన చెయ్యి పట్టుకుని, "లోపలికి పోదాం రా" అన్నాను.

"ఎందుకు? చూడనీ" అంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "అది పోయినప్పుడు దాని పేరెత్తి ఏడ్చింది మనం నలుగురమే. ఇప్పుడు చూడమ్మాయ్, జిల్లా జిల్లంత దాన్ని రమ్మని పిలుస్తున్నది."

అప్పటి నుంచి ఆ పాట నేను ఎక్కడ విన్నా చెవులు మూసుకోలేదు.

క్యాసెట్ ఆయన మరొకటి అలాంటిదే కావాలన్నాడు. ఏరు దాటి రావే, గుట్ట దిగి రావే అని అన్నీ అదే వరసలో పాడించాడు. ఆ క్యాసెట్ బోర్డు మీద కొన్నాళ్ళు అడుగున ఉండి జారిపోయింది. వదిన ఇక ఆయన దగ్గరికి పోలేదు. "నాకొచ్చిన పాట ఒక్కటే. మిగిలినయి ఆయనకొచ్చినయి" అంది.

భద్రాచలంలో తాము కిరాయికుండే ఇంట్లోనే ముందు గదిని కూడా కిరాయికి తీసుకుంది. వీధి చప్పుడు ఆగాలని గోడలకు పాత బొంతలు కొట్టించింది. ఒక ఫోటో స్టూడియో అబ్బాయి దగ్గర కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంది. తానే క్యాసెట్లు తీయడం మొదలుపెట్టింది. అడవి ఊళ్ళకు పోయి నాట్ల పాటలు, పెళ్ళి పాటలు పాడే ఆడవాళ్ళను పిలుచుకొచ్చేది. వాళ్ళు తెలుగులో పాడితే తెలుగు, వాళ్ళ భాషలో పాడితే ఆ భాష. అట్ట మీద వాళ్ళ ముఖమే వేయించేది. "నవ్వకుండ్రి, మీరెట్లుంటరో గట్లనే దిగుండ్రి" అని ఫోటో దగ్గర నిలబడి చెప్పేది.

కోయ ఆడవాళ్ళు పాడిన ఒక క్యాసెట్ ఆ నల్లబోర్డు మీద మూడో వరస దాకా వచ్చింది. ఆ రోజు నన్ను మధిర నుంచి ఖమ్మం పిలిపించింది. ఇద్దరం బోర్డుకు ఎదురుగా నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాం. తన పాట పైకెక్కినప్పుడు ఒక్కసారి కూడా చూడటానికి రాని మనిషి, ఆ సుద్ద అక్షరాలను కూడబలుక్కుని మళ్ళీ మళ్ళీ చదివింది.

తర్వాత కాలం మారింది. ఒకే డిస్కులో వందల పాటలు ఎక్కించి అమ్మడం వచ్చింది. దాని మీద ఎవరి ముఖమూ ఉండదు. ఆ తర్వాత సెల్‌ఫోన్ల చిప్పుల్లో పాటలు నింపడం వచ్చింది. బస్టాండు దగ్గరి దుకాణంలో బోర్డు తీసేసి రీఛార్జ్ కార్డులు వేలాడదీశారు. వదిన తీసిన పాటలన్నీ జిల్లాలో తిరుగుతూనే ఉన్నాయి, ఎవరివో ఎవరికీ తెలియకుండా. ఆమె బాధపడలేదని నేను చెప్పను. కొత్త సీడీ తీసిన ప్రతిసారీ దుకాణాలవాళ్ళు వెనక్కి ఇచ్చేస్తుంటే, సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చేది. మళ్ళీ వారానికి ఏదో ఊరికి బయలుదేరేది.

పోయిన ఏడాది ఆమె ఆ పాట మళ్ళీ పాడింది. దరువు లేదు, కీబోర్డు లేదు. చేటలో బియ్యం ఏరుతూ పాడినంత నిదానంగా. ఈసారి "గౌను తడవకుంట రావే" అనే పాడింది. అన్న ఎన్నడూ ఆ గదిలో అడుగుపెట్టినవాడు కాదు. ఆ రోజు వచ్చి తలుపు పక్కన కింద కూర్చున్నాడట. మూడో చరణం దగ్గర అతనికి దగ్గు వచ్చింది. అది ఏడుపు ఆపుకునే దగ్గు. రికార్డులో పడింది.

కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి, "దగ్గు తీసేద్దామక్కా, నిమిషం పని" అన్నాడట.

"ఉండనీ. ఆ గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్ననా? ఆయన గూడ ఉండె గద" అంది వదిన.

ఆ సీడీ ఎవరూ కొనలేదు. ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో ఊరికే పెట్టి పంపేది. నా దగ్గర ఒకటుంది. ఆ దగ్గు వచ్చే చోటు దాకా వింటాను. ఆపైన వినలేను.

ఈ వానాకాలం చివర్లో ఏదో ఊళ్ళో పాటలు రికార్డు చేయడానికి పోయి జ్వరంతో పడిపోయింది. అన్న వెళ్ళి జీపులో వేసుకొచ్చాడు. అదే రోడ్డు, అదే వాగు. ఇప్పుడు దాని మీద వంతెన ఉంది. కింద నీళ్ళు ఎర్రగా పోతుంటే జీపు స్పీడు తగ్గకుండానే దాటింది. అప్పుడు వదిన కళ్ళు తెరిచిందట.

"వాగు దాటినమా?" అని అడిగింది.

"దాటినం. దాటినం, ఇంక ఏం భయం లేదు" అన్నాడు అన్న.

"అవ్" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. అన్నతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. మలేరియా అప్పటికే మెదడుకెక్కిందని ఖమ్మంలో డాక్టర్లు చెప్పారు. నేను వెళ్ళినప్పుడు పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే మాత్రం వేళ్ళు కదిలించింది. ఆ కదలికనే నేను ఆశ అనుకుని మధిర బస్సెక్కాను.

కర్మలు అయిపోయిన మర్నాడు పొద్దున, నేను బయలుదేరబోతుండగా, కొండ ఊళ్ళ నుంచి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. తలస్నానాలు చేసి, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, జడల్లో పూలు పెట్టుకుని ఉన్నారు. ఆ రోజు రికార్డింగుకు రమ్మని వదిన ముందే చెప్పిందట. ఆమె పోయిన సంగతి వాళ్ళకు తెలియదు. అన్న నోటితో చెప్పలేక గుండు మీది తువ్వాలు తీసి చూపాడు. వాళ్ళకు అర్థమైంది. గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

మంచినీళ్ళు తాగాక, వాళ్ళలో పెద్దామె అంది. "పాడతమని ఆమెకు మాటిచ్చినం అయ్యా. పాడి పోతం."

"మిషను నాకు రాదవ్వా. ఆ అబ్బాయి గూడ ఊళ్ళె లేడు" అన్నాడు అన్న.

"మిషను లేకుంటే ఏమాయె? తలుపు తియ్యి."

అన్న బొంతల గది తాళం తీశాడు. వాళ్ళు మైకు చుట్టూ నేల మీద కూర్చుని, ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, తమ భాషలో ఎత్తుకున్నారు. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. బయట భద్రాచలం పొద్దు మొదలైంది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, పాలవాడు సైకిల్ బెల్లు మోగిస్తున్నాడు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. అన్న గబగబా తలుపు మూశాడు. గడియ సరిగ్గా పడటం లేదు. రెండు అరచేతులూ తలుపుకు ఆనించి, నుదురు కూడా ఆనించి, బయటి చప్పుడు లోపలికి రాకుండా వాళ్ళు పాడినంతసేపూ అలాగే నొక్కిపట్టుకుని నిలబడ్డాడు.